కేశవానంద గెలిచాడా? రాజ్యాంగ కేసులు చదవడం గురించి ఒక జవాబు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. చిక్కడపల్లిలో రూము తీసుకుని గ్రూప్-1కు చదువుతున్నారు. కోచింగ్‌లో ఇచ్చిన అరవై రాజ్యాంగ కేసుల జాబితా బట్టీ పడుతుంటే గోలక్‌నాథ్, కేశవానంద, మినర్వా మిల్స్ అన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోతున్నాయి. మాక్ ఇంటర్వ్యూలో ఒకాయన "కేశవానంద కేసు గెలిచాడా, ఓడాడా?" అని అడిగితే నోట మాట రాలేదు. పైగా ఢిల్లీలో ఎప్పుడో నడిచిన ఈ కేసులకూ మనకూ ఏం సంబంధం అన్న విసుగు కూడా వచ్చింది.

విసుగు రావడంలో తప్పులేదు. జాబితా ఇచ్చిన పద్ధతే అలాంటిది. కేసు పేరు, సంవత్సరం, ఒక వాక్యం. అలా చదివితే నాకైనా గుర్తుండవు.

నేను 1990లో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యాను. ఎక్కువగా సర్వీసు కేసులే, అంటే ఉద్యోగాలు, సీనియారిటీలు, బదిలీలు. జూనియర్‌గా చేరిన కొత్తలో మా సీనియర్ మేనకా గాంధీ కేసు, అంటే తన పాస్‌పోర్టును ప్రభుత్వం జప్తు చేసిందని ఆమె వేసిన కేసు, చదువుకు రమ్మన్నారు. రాత్రంతా కూర్చుని చదివి, పొద్దున్నే ఆయన ముందు నిలబడి ఇరవై ఒకటో అధికరణ, సహజ న్యాయం, న్యాయమైన పద్ధతి అంటూ గడగడా అప్పజెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అంతా బాగుంది గానీ, ఆవిడ పాస్‌పోర్టు ఆవిడకు ఇచ్చారా లేదా?" అన్నారు. నాకు తెలియదు. "ఫీజు కట్టిన క్లయింటు అడిగే మొదటి ప్రశ్న అదేనయ్యా, వెళ్లి చివరి పేజీ చూసిరా" అన్నారు.

వెళ్లి చూశాను. 1978 జనవరిలో తీర్పు ఇస్తూ కోర్టు ఆమె పాస్‌పోర్టును వెంటనే చేతికి ఇవ్వలేదు. ఆమె చెప్పుకునేది వింటామని ప్రభుత్వం హామీ ఇచ్చింది కాబట్టి ఉత్తర్వును కొట్టెయ్యకుండా వదిలి, పాస్‌పోర్టు అప్పటిదాకా కోర్టు రిజిస్ట్రార్ దగ్గరే ఉండనీ అన్నారు. దేశంలో వ్యక్తి స్వేచ్ఛకు అంత పెద్ద తలుపు తెరిచిన కేసులో పిటిషనర్‌కు ఆ రోజు చేతికి దక్కింది అంతే. ఆ రోజు నుంచి ఏ తీర్పు తీసినా ముందు చివరి పేజీ చూస్తాను, తర్వాత మొదటి పేజీలో గొడవ ఎక్కడ మొదలైందో చూస్తాను, సిద్ధాంతం సంగతి ఆ తర్వాతే. మీకూ అదే చెబుతాను. ఇంకొకటి కూడా చూడాలి, తీర్పు తర్వాత ఏం జరిగిందో. రాజ్యాంగ కేసులో అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు కేశవానంద సంగతి. కేరళలో కాసరగోడ్ దగ్గర ఎడనీర్ మఠం అధిపతి ఆయన. 1970లో కేరళ భూసంస్కరణల చట్టం కింద మఠం భూములు పోతున్నాయని రిట్ వేశారు. అది నడుస్తుండగా పార్లమెంటు 24, 25, 29వ సవరణలు తెచ్చింది. దాంతో మఠం భూముల కేసు కాస్తా పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు మార్చగలదన్న కేసు అయింది. 13 మంది జడ్జీలు కూర్చున్నారు. మన సుప్రీంకోర్టులో అంతకంటే పెద్ద బెంచ్ అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. 68 రోజుల పాటు వాదనలు. ఒకవైపు నానీ పాల్కీవాలా, అవతల కేరళ తరఫున సీర్వాయి, కేంద్రం తరఫున అటార్నీ జనరల్ నిరెన్ డే. 1973 ఏప్రిల్ 24న 7-6తో తీర్పు వచ్చింది. పార్లమెంటు ఏ అధికరణనైనా సవరించవచ్చు గానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని చెడగొట్టకూడదు అన్నారు.

మరి గెలిచాడా? కేరళ భూసంస్కరణల చట్టాలకు రక్షణ ఇచ్చిన 29వ సవరణ చెల్లుతుందనే కోర్టు చెప్పింది. కాబట్టి తన భూముల విషయంలో ఆయనకు ఒరిగింది ఏమీ లేదు. ఓడిపోయాడనే చెప్పండి. ఆయన పేరు మీద పుట్టిన సూత్రం మాత్రం మూడేళ్లు తిరక్కుండానే ఇందిరా గాంధీ ఎన్నిక కేసులో 39వ సవరణలోని ఒక భాగాన్ని కొట్టేసింది. మాక్ ఇంటర్వ్యూలో ఈ మూడు వాక్యాలు చెప్పి ఆగిపోతే చాలు, బోర్డు వాళ్లే తర్వాతి ప్రశ్న మారుస్తారు.

ఈ కేసులో మన వాళ్లు ఎవరని అడిగితే, ఆ ఏడుగురిలో ఒకరు జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. హైదరాబాద్ హైకోర్టులో జడ్జిగా, తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి ఢిల్లీ వెళ్లినాయన. 7-6 అంటే ఒక్క మనిషి అటు తిరిగితే తీర్పు అటు తిరుగుతుంది. కోచింగ్ నోట్సులో జస్టిస్ ఖన్నా ఒక్కడే త్రాసు ముల్లు అని రాస్తారు. ఖన్నా అభిప్రాయం మధ్యస్థంగా ఉండటం వల్ల ఆ మాటకు అర్థం ఉంది. కానీ మిగతా ఆరుగురు లేకుండా ఏడు ఎలా అవుతుంది? పోతే, ఆ తీర్పు వచ్చిన వెంటనే మెజారిటీలో ఉన్న శెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గురినీ దాటించి ఎ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ముగ్గురూ రాజీనామా చేశారు. తీర్పు తర్వాత ఏం జరిగిందో చూడమన్నాను కదా, ఇదీ అందులో భాగమే.

కేశవానందకు ముందు మెట్టు గోలక్‌నాథ్, 1967. అక్కడ కూర్చున్నది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో రాష్ట్రం కలిశాక హైదరాబాద్ వచ్చి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోలక్‌నాథ్‌లో 6-5తో, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ పార్లమెంటు చేయకూడదన్నారు. నాకు ఈ తీర్పులో నచ్చేది ఆ సూత్రం కాదు, దాని పక్కన ఆయన వేసిన ఎత్తు. ఆ సూత్రాన్ని వెనక్కి కూడా వర్తింపజేస్తే 1951 నుంచి జరిగిన భూసంస్కరణలన్నీ కూలిపోతాయి, పంచిన భూములు మళ్లీ జమీందార్ల చేతికి వెళ్లాలి. అందుకని, ఈ తీర్పు ఇవాళ్టి నుంచి ముందుకే వర్తిస్తుంది, వెనకటివి అలాగే ఉంటాయి అన్నారు. అందువల్ల గోలక్‌నాథ్ కుటుంబానికి కూడా భూమి తిరిగి రాలేదు. చూశారా, మళ్లీ చివరి పేజీ. ఆ తర్వాత కొన్ని వారాలకే సుబ్బారావు రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి నేరుగా ఎన్నికల్లోకి దిగడం నాకు ఇప్పటికీ రుచించదు. అది వేరే చర్చ.

మీ నోట్సులో ఒక తప్పు కూడా ఉండే అవకాశం ఉంది, చూసుకోండి. గోలక్‌నాథ్ ప్రకారం రాజ్యాంగాన్నే సవరించకూడదు అని చాలా గైడ్లలో అచ్చయి ఉంటుంది. కాదు. హక్కుల భాగాన్ని తగ్గించకూడదని మాత్రమే. కేశవానంద వచ్చి, హక్కులతో సహా దేన్నైనా మార్చుకోండి గానీ మౌలిక స్వరూపం జోలికి పోకండి అంది. రెండింటికీ తేడా అదే.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న కేసులు. మీరు హైదరాబాద్‌లో ఉండి ప్రభుత్వ ఉద్యోగానికి చదువుతూ ముల్కీ (నిజాం రాజ్యంలో స్థానికుడు) కేసులు చదవకపోతే ఇంటి ముందు బావి ఉంచుకుని ట్యాంకర్ కోసం ఎదురు చూసినట్టే. మీ స్టడీ సర్టిఫికెట్లు, లోకల్, నాన్-లోకల్, జోన్, మల్టీ జోన్ అన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

నిజాం కాలంలో, 1919 ఫర్మానాతో, రాజ్యంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ అయి ఉండాలి, బయటి నుంచి వచ్చినవాడైతే 15 ఏళ్లు ఇక్కడ స్థిరంగా ఉండి ఉండాలి అని నిబంధన. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసేటప్పుడు పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాల రక్షణ ఒక ముఖ్యమైన అంశం. దాన్ని నిలబెట్టడానికి పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది. ఉద్యోగానికి నివాసం ఉండాలని చట్టం చేసే అధికారం పదహారో అధికరణ మూడో క్లాజు కింద పార్లమెంటుకు ఉంది. ఆ చట్టం కింద తెలంగాణ ప్రాంతపు పోస్టులకు 15 ఏళ్ల నివాసం పెట్టారు.

కాగితం మీద ఉన్నది ఆఫీసుల్లో అమలు కాలేదన్న కోపం 1969లో బద్దలైంది. ఆ జనవరిలో ప్రభుత్వం నాన్-ముల్కీలను తెలంగాణ పోస్టుల నుంచి తప్పించమని జీవో ఇచ్చింది. తప్పిస్తున్న ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే ఎ.వి.ఎస్. నరసింహారావు కేసు. మార్చి 28న కోర్టు ఏమందంటే, పదహారు మూడులో "రాష్ట్రం" అని ఉంది, రాష్ట్రమంటే రాష్ట్రం మొత్తమే, అందులో ఒక ప్రాంతంలో నివాసం ఉండాలనే చట్టం పార్లమెంటు కూడా చేయలేదు. ఒక్క మాట మీద తెలంగాణ రక్షణ చట్టం పోయింది. బయట కాల్పులు, బందులు, కాలేజీల మూత. లోపల ఒక పదానికి అర్థం. పదం మీద అంత ఆధారపడి ఉంటుందా అని మీకు అనిపిస్తే, ఉంటుంది.

కానీ కథ అయిపోలేదు. 1957 చట్టం పోతే, దానికి ముందు ఉన్న నిజాం నాటి ముల్కీ నిబంధనలు బతికే ఉన్నాయా? రాజ్యాంగం ముప్పై ఐదో అధికరణ రెండో భాగం ప్రకారం, రాజ్యాంగం వచ్చేనాటికి ఉన్న ఇలాంటి నివాస నిబంధనలు పార్లమెంటు మార్చేదాకా కొనసాగుతాయి. మన హైకోర్టులో దీని మీద అటూ ఇటూ తీర్పులు వచ్చాయి. 1972 ఫిబ్రవరిలో ఫుల్ బెంచ్ చెల్లవంది. అదే ఏడాది అక్టోబర్ 3న సుప్రీంకోర్టు వి. వెంకటరెడ్డి కేసులో చెల్లుతాయంది. అంటే మూడేళ్ల కిందట చట్టం పోయిందని ఏడ్చిన తెలంగాణకు నిబంధనలు తిరిగొచ్చాయి. ఈసారి అటువైపు మంట లేచింది. జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి పదవి పోయింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒకే నగరం, ఒకే సమస్య, రెండు తీర్పులు, రెండు ఉద్యమాలు. నా మటుకు నాకు, కోర్టు తీర్పు సమాజంలో ఎలా దిగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి జత దేశంలో ఇంకోటి లేదు. అయినా ఢిల్లీలో అచ్చయిన పుస్తకాల్లో దీనికి ఒక ఫుట్‌నోటు కూడా దొరకదు.

చివరికి దారి కోర్టులో దొరకలేదు, రాజ్యాంగ సవరణలో దొరికింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, దాని మీద 32వ సవరణ, 371-డి అధికరణ, 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వులు. ముల్కీ పోయి లోకల్ క్యాండిడేట్ వచ్చాడు. 15 ఏళ్ల నివాసం బదులు నాలుగేళ్ల చదువు, జోన్లు. ఈరోజు మీరు నింపే దరఖాస్తులో ఫలానా తరగతి నుంచి ఫలానా తరగతి వరకు ఏ జిల్లాలో చదివారు అనే గళ్లు ఉన్నాయే, వాటి ముత్తాత ఆ 1919 ఫర్మానా. తెలంగాణ వచ్చాక కూడా 371-డి ఉంది, 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి, వాటి మీద 2021 డిసెంబరులో వచ్చిన జీవో 317 బదిలీలతో మా ఆఫీసుల్లో టీచర్ల క్యూలు కట్టాయి. భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో. పిల్లను చంకనేసుకుని వచ్చి "సార్, స్పౌజ్ కేసు ఉంది" అనేవాళ్లు. ఆ మాట వింటూ నేను వెంకటరెడ్డి కేసు గురించి ఆలోచించిన రోజులున్నాయి.

అదే 371-డిలో ఐదో క్లాజు ఒక వింత. ఉద్యోగుల గొడవలకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పెట్టారు. కానీ ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వం మూడు నెలల్లోపు మార్చవచ్చు, రద్దు కూడా చెయ్యవచ్చు అని అందులో రాశారు. కేసు ఎవరి మీద? ప్రభుత్వం మీద. ఓడిన పార్టీ చేతికే తీర్పు కాగితమిచ్చి, నచ్చకపోతే చింపెయ్ అన్నట్టు. పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు, ఇది చట్టబద్ధ పాలనకే విరుద్ధం, మౌలిక స్వరూపానికి దెబ్బ అంటూ ఆ క్లాజును కొట్టేసింది. 1987 రిపోర్టుల్లో ఉంటుంది. కేరళ మఠాధిపతి ఓడిపోయిన కేసులో పుట్టిన సూత్రం, 14 ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఎన్జీవోకు, అంటే నాన్-గెజిటెడ్ ఉద్యోగికి, పనికొచ్చింది. ఢిల్లీ కేసులకు మనకు సంబంధం ఏమిటని అడిగారు కదా.

అక్కడి నుంచి ఎల్. చంద్రకుమార్, 1997. ట్రిబ్యునళ్లు ఉన్నా హైకోర్టు రిట్ అధికారాన్ని తీసెయ్యలేరు అని ఏడుగురు జడ్జీలు చెప్పారు. నిజానికి 1993లోనే మన హైకోర్టు ఫుల్ బెంచ్ సకినాల హరినాథ్ కేసులో దాదాపు ఆ దారే పట్టింది. సుప్రీంకోర్టు తీర్పులో దాని ప్రస్తావన ఉంటుంది. నేను అప్పటికి మూడేళ్ల జూనియర్‌ని. ఆ వాదనలు కోర్టు హాలు వెనక నిలబడి విన్నాను. సగం అర్థం కాలేదు, అయినా కదల్లేదు.

రిజర్వేషన్ల దగ్గరికి వద్దాం, మీకు ఎక్కువ మార్కులు అక్కడే. ఇంద్రా సాహ్నీ, 1992 నవంబర్ 16, తొమ్మిది మంది. మండల్ కేసు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ఇక్కడే చదువుకుని ఇక్కడే ప్రాక్టీసు చేసినాయన. 50 శాతం పరిమితి, క్రీమీలేయర్, ప్రమోషన్లలో రిజర్వేషన్ లేదు అన్నవి మీకు తెలిసే ఉంటాయి. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇవి ఉద్యోగాలకు చెప్పినవి. పంచాయతీ, మున్సిపాలిటీ సీట్ల రిజర్వేషన్‌కు 2010 నాటి కె. కృష్ణమూర్తి కేసు వేరే ఉంది. తెలంగాణలో స్థానిక ఎన్నికల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ 2025 సెప్టెంబరులో వచ్చిన జీవో 9ని అక్టోబరు 9న హైకోర్టు ఆపినప్పుడు టీవీ చర్చల్లో రెండింటినీ కలిపి చారు పెట్టారు. మీరు పరీక్షలో అలా కలపకండి.

ఎస్సీ వర్గీకరణ కేసు నాకు దగ్గరగా తెలిసినది. 1990ల్లో ప్రకాశం జిల్లా నుంచి మొదలైన దండోరా ఉద్యమం వల్ల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీల 15 శాతాన్ని ఎ, బి, సి, డి అని 1, 7, 6, 1గా పంచింది. 2000లో చట్టం చేసింది. హైకోర్టు ఐదుగురి బెంచ్ మెజారిటీతో చెల్లుతుందంది. 2004 నవంబర్ 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఐదుగురూ కలిసి కొట్టేశారు. 341వ అధికరణ కింద రాష్ట్రపతి జాబితాలోకి వచ్చాక షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే తరగతి, దాన్ని రాష్ట్రం ముక్కలు చేయకూడదు అన్నారు.

ఆ వారం మా ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు. మెదక్ వైపు నుంచి. బి గ్రూపులో టీచర్ ఉద్యోగం ఆశ పెట్టుకున్నవాడు. సర్టిఫికెట్లన్నీ చీరల షాపు కవర్లో పెట్టి, వాన తడవకుండా ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టుకున్నాడు. ఒక్కో కాగితం తీసి బల్ల మీద పరుస్తూ, "సార్, ఐదుగురు పెద్ద జడ్జీలు చెప్పిన తర్వాత ఇంక ఎవరికి చెప్పుకోవాలె?" అన్నాడు. "ఏడుగురికి" అన్నాను. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకున్నాడు, మొహం మాడ్చుకున్నాడు. ఎగతాళి కాదు. ఐదుగురి మాటను మార్చాలంటే అంతకంటే పెద్ద బెంచే కూర్చోవాలి, సుప్రీంకోర్టు పద్ధతి అది. కానీ ఆ ఏడుగురు కూర్చోవడానికి ఎన్నేళ్లు పడుతుందో అప్పుడు నాకు కూడా తెలియదు, అందుకే ఆ ముక్క చెప్పలేదు.

ఇరవై ఏళ్లు పట్టింది. 2024 ఆగస్టు 1న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు, చిన్నయ్య తీర్పు తప్పు, వర్గీకరణ చేయవచ్చు అన్నారు. జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే కాదన్నారు. తర్వాత తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచుతూ చట్టం తెచ్చి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు పెట్టారు. ఆ కుర్రాడికి అప్పటికే వయసు దాటిపోయింది. వేరే దారిలో ప్రైవేటు స్కూల్లో పనికి కుదిరాడు, ఇప్పుడు వాళ్ల అమ్మాయి డీఎస్సీకి చదువుతోంది. తీర్పు వచ్చిన సాయంత్రం ఫోన్ చేసి, "సార్, మీరన్నట్టు ఏడుగురే" అని ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

కాబట్టి కేసు పేరు పక్కన ఎంతమంది జడ్జీలు అనే అంకె రాసుకోండి. సంవత్సరం మర్చిపోయినా పర్లేదు గానీ ఈ అంకె మర్చిపోకండి. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన గట్టి ప్రశ్న ఉంటే కనీసం ఐదుగురు కూర్చోవాలని 145వ అధికరణే చెబుతుంది. గోలక్‌నాథ్ 11 కాబట్టి దాన్ని తిరగదోడటానికి 13 మంది కావాల్సి వచ్చింది. కేశవానంద ఎందుకు ఇంకా నిలబడి ఉందంటే సిద్ధాంతం బలం ఒకటి, 15 మందిని కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ లేకపోవడం ఇంకొకటి.

గిరిజన భూముల మీద సమతా కేసు, 1997, తప్పక చదవండి. విశాఖ ఏజెన్సీలో బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని మన చట్టం. మరి ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే లీజుకిస్తే? ప్రభుత్వం కూడా ఆ చట్టంలో చెప్పిన "వ్యక్తి" కిందకే వస్తుంది, కాబట్టి గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదు అని 2-1తో చెప్పారు. ఎంత సూటి ఆలోచన! దాని పక్కనే 2020 నాటి చేబ్రోలు లీలాప్రసాదరావు కేసు పెట్టుకోండి. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు గిరిజనులకే ఇచ్చిన జీవో 3 అందులో పోయింది. రెండూ ఐదో షెడ్యూలు మీదే, ఒకటి అటు, ఒకటి ఇటు. ఉన్నికృష్ణన్, 1993, కూడా ఆంధ్రప్రదేశ్ కేసే. ప్రైవేటు కాలేజీల ఫీజుల గొడవలోంచి 14 ఏళ్ల లోపు పిల్లలకు చదువు హక్కు వచ్చింది. ఫీజుల పథకం 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పోయింది, హక్కు నిలిచింది, 21-ఎ అయింది.

బొమ్మై కేసుకు మీకు మంచి గుర్తు ఒకటి చెబుతాను. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని రద్దు చేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఊళ్లో బస్సుల్లేవు, నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంటే ప్రతి పాన్ డబ్బా దగ్గరా రేడియో చుట్టూ జనం. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి చూపించారు, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అది 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన పెట్టిన కేసు కాదు, పొరపాటున అలా రాయకండి. కానీ ప్రశ్న ఒకటే, మెజారిటీ ఉందో లేదో ఎక్కడ తేలాలి? 1989లో కర్ణాటకలో ముఖ్యమంత్రి బొమ్మైకి సభలో బలం చూపించుకునే అవకాశం ఇవ్వకుండానే రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేసిన గవర్నర్ కూడా మన కర్నూలు జిల్లా పెండేకంటి వెంకటసుబ్బయ్యే. 1994 మార్చి 11న తొమ్మిది మంది జడ్జీలు, బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అన్నారు. అక్కడా జీవన్ రెడ్డి ఉన్నారు. ఇక పార్టీ ఫిరాయింపులకు కిహోటో హోలోహన్, 1992. దాని కొనసాగింపుగా మన పది మంది ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశిస్తూ 2025 జూలై 31న వచ్చిన తీర్పు చదవండి.

ప్రైవసీ గురించి ఒక్క మాట. పుట్టస్వామి, 2017, తొమ్మిది మంది ఏకగ్రీవం అని అందరికీ వచ్చు. దాని వేరు 1962లో ఖడక్ సింగ్ కేసులో సుబ్బారావు రాసిన భిన్నాభిప్రాయంలో ఉంది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి ఇంటికి పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఆ రాత్రి రాకపోకలను మెజారిటీ కూడా కొట్టేసింది గానీ, వెంట తిరిగి నిఘా పెట్టడంలో తప్పులేదంది. సుబ్బారావు, షా ఇద్దరే, మనిషి వెనకాల నీడలా తిరిగితే అది స్వేచ్ఛ ఎలా అవుతుందన్నారు. ఓడిపోయిన ఆ అభిప్రాయం 55 ఏళ్లకు చట్టమైంది. మధ్యలో 2004లో మన హైదరాబాద్ కలెక్టర్, జిల్లా రిజిస్ట్రార్ పార్టీలుగా కెనరా బ్యాంకు కేసు ఒకటుంది. స్టాంపు డ్యూటీ కట్టారో లేదో చూడటానికి ఎవరినైనా బ్యాంకులోకి పంపి జనం దాచుకున్న కాగితాలు తిరగేయించే అధికారం రాష్ట్రం ఇచ్చుకుంటే, కోర్టు ప్రైవసీ పేరుతో దాన్ని కొట్టేసింది. పుట్టస్వామి తీర్పులో దీన్ని వాడుకున్నారు. జాబితాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఎ.డి.ఎం. జబల్‌పూర్, మినర్వా మిల్స్ లాంటివి ప్రతి గైడులోనూ బాగానే ఉంటాయి, వాటి మీద నా టైము, మీ టైము వద్దు.

పని ఎలా మొదలుపెట్టాలంటే, జాబితాలో అరవై వదిలేసి పన్నెండు తీసుకోండి. తీర్పులు కొనక్కర్లేదు. సుప్రీంకోర్టు వాళ్ల ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా పెట్టారు. తెలుగు అక్కడక్కడా గట్టిగా ఉంటుంది, పంటికి రాయి తగిలినట్టు. ఇంగ్లీషు పక్కన పెట్టుకుని చదవండి. కేశవానంద మొత్తం చదవాలని కూర్చోకండి, నేనే మొత్తం చదవలేదు. తొమ్మిది మంది జడ్జీలు సంతకం పెట్టిన చివరి రెండు పేజీల సారాంశం ఉంటుంది, మిగతా నలుగురు దాని మీద సంతకమే పెట్టలేదు, అది చాలు.

మొదటిది మాత్రం నరసింహారావు కేసు పెట్టుకోండి. చిన్న తీర్పు, ఒక సాయంత్రం పని. ఎవరి ఉద్యోగం పోయింది, ఏ జీవో, ఏ పదం మీద తిరిగింది, తర్వాత ఏమైంది అని నాలుగు ముక్కలు మీ మాటల్లో రాసుకుని ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. సోమవారం మాత్రం అడగకండి. ఆ రోజు కాజ్ లిస్టు, అంటే కోర్టులో విచారణకు వచ్చే కేసుల జాబితా, చాంతాడంత ఉంటుంది.